నీడ దక్షిణానికి పడే నెలలు

మా అత్తమ్మ పోయిందని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తున్నాను. బోర్డు మీద సూర్యుణ్ని, భూమిని గీశాను, చంద్రుణ్ని ఇంకా గీయలేదు. "అమ్మ పోయింది, రా" అన్నాడు, అంతే. పది రోజులుగా నల్లగొండ దవాఖానలో ఉంది కాబట్టి ఆ ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. అయినా చేతిలో చాక్‌పీస్ ఉందన్న సంగతి కూడా మరిచి బయటికి నడిచాను. జెండా కర్ర దగ్గర ఆగి దాని నీడ ఎటు పడుతోందా అని చూశాను. ఆషాఢం చివరి వారం, ఆకాశమంతా మబ్బు. నేల మీద ఏ నీడా లేదు.

మనిషి పోయిందన్న కబురు విని నీడ వెతుక్కోవడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ అలవాటు నాకు ఎవరి దగ్గర అంటుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా ఆకాశం పుస్తకం చదివినవాళ్లకు నేనొక అబద్ధం చెప్పాను, దాన్ని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి.

నార్కట్‌పల్లిలో మా ఇల్లు హైవేకు రెండు సందుల లోపల ఉంటుంది. నేను బడిలో సైన్సు టీచర్ని. పిల్లల కోసం, పిల్లల్లాంటి పెద్దల కోసం ఖగోళం గురించి తెలుగులో ఒక పుస్తకం రాయాలని చాలాకాలం అనుకుని, ఎట్టకేలకు మొదలుపెట్టాను. రాసింది ఎవరికైనా వినిపిస్తే తప్ప నాకు ముందుకు సాగదు. మా ఆయనకు వినిపిస్తే రెండో పేజీలో గురక పెట్టేవాడు. అత్తమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరుకుంటూనో, చింతపండులో గింజలు తీసుకుంటూనో అధ్యాయాలకు అధ్యాయాలు వినేది. ఆమెకు చదువు రాదు. "సదువు రాకుంటే ఏంది, చెవులున్నయి కద" అనేది.

వింటూ వింటూ మధ్యలో ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగేది. "గిది చూసినవా, సదివినవా?"

మొదట్లో నాకు ఒళ్లు మండేది. బృహస్పతి మీద తుఫాను ఉందంటే చూసినవా అంటుంది. శని చుట్టూ వలయాలు ఉన్నాయంటే చూసినవా అంటుంది. "అత్తమ్మా, అవన్నీ పెద్దపెద్దోళ్లు చూసిన్రు, నేను సదివిన" అంటే, "మంచిదే. సదివిన్నని రాయి మరి" అనేది. నేను విసుక్కుంటూనే ఎర్ర పెన్సిల్ తీసి, స్వయంగా చూసి రాసిన ప్రతి వాక్యం పక్కన ఒక టిక్కు పెట్టడం మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం మొత్తంలో నాలుగు టిక్కులు వచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఆకాశం గురించి పాఠాలు చెప్తున్నదాన్ని, అందులో చూసింది నాలుగు వాక్యాలంతే. సిగ్గేసింది.

ఆ సిగ్గు వల్ల నాకు మేలే జరిగింది. మా బడికి ఒకసారి సైన్సు ప్రదర్శన కోసం దుర్భిణి వస్తే, చీకటి పడుతున్న వేళ అత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు ఆమె చూసింది. కొంగుతో కన్ను తుడుచుకుని మళ్లీ చూసింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నా కదల్లేదు. "శనీశ్వరునికి కడియం అంటివి. కడియం గాదు. కుండను కుదురుల పెట్టినట్టున్నది" అంది. తర్వాత నేను చూశాను. నిజంగానే కుదురులో కుండ. పుస్తకంలో ఆ మాటే వాడాను, పక్కన టిక్కు పెట్టుకున్నాను.

ఇదంతా విని ఆమె ఆచారాలను లెక్కచేయని మనిషి అనుకునేరు. అదేం కాదు. కరోనా రాకముందు ఒక డిసెంబర్‌లో పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. పచ్చడి జాడీల మీద గరిక వేసింది, ఎవరినీ మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. మా సందులో ఆడవాళ్లంతా వాకిట్లో తాంబాలంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. గ్రహణం పట్టినంతసేపే రోకలి ఒంటిగా నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. అత్తమ్మ కూడా అడుగున ఇనుప కట్టు, అదే పొన్ను, వేసిన పాత రోకలిని నిలబెట్టింది. అది నిలబడింది. నేను సైన్సు టీచర్ని కదా, మూతి ముడుచుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

గ్రహణం విడిచింది. అందరూ రోకళ్లు లోపలికి తీసుకుపోయి తలస్నానాలకు పరుగెత్తారు. అత్తమ్మ మాత్రం రోకలి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"గ్రహణం ఇడిసింది కద, గిదింక పడతలేదేంది?" అంది నాతో.

పడేవరకు చూస్తానని పట్టుపట్టింది. మధ్యాహ్నమైనా అది పడలేదు. స్నానం చేసి, తిని, వచ్చి చూసింది. నిలబడే ఉంది. మర్నాడు మళ్లీ నిలబెట్టింది, నిలబడింది. వారం తర్వాత నీళ్లు లేకుండా ఒట్టి తాంబాలంలో నిలబెట్టింది, నిలబడింది. అప్పుడు తనలో తాను నవ్వుకుంది. "పొన్ను సమంగున్నది, గందుకు నిలవడతాంది. గ్రహణమేం జేస్తది పాపం" అంది. ఆ ముచ్చట సందులో చెప్తే నలుగురు ఆడవాళ్లు వారం రోజులు ముఖం చాటేశారు. మరి వచ్చే గ్రహణానికి గరిక వేయడం మానేస్తావా అని నేను ఆట పట్టించాను. "గరిక సంగతి నేను చూడలే కద" అంది.

నేను మూతి ముడుచుకుని చేయలేని పనిని ఆమె పీట వేసుకుని కూర్చుని చేసింది. ఆ రోజు నుంచి ఆ రోకలి వాకిట్లోనే ఉండిపోయింది. పొద్దున దాని నీడ కొస దగ్గర ముగ్గుపిండితో ఒక చుక్క, మధ్యాహ్నం ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క పెట్టేది. ఎందుకంటే, "ఊకెనే, యాడికి పోతాందో చూస్తాన" అనేది.

పుస్తకంలో మొదటి అధ్యాయం పాతకాలపు మనుషుల గురించి. మహబూబ్‌నగర్ దాటి కృష్ణ ఒడ్డున పొలాల్లో ఎప్పటివో నిలువురాళ్లున్నాయి. పొద్దు ఏ కాలంలో ఎక్కడ పొడుస్తుందో గుర్తుపెట్టుకోవడానికే వాటిని పాతి ఉంటారని కొందరు పండితులు అంటారు. ఆ సంగతి చదివి వినిపిస్తే మామూలు ప్రశ్నే వచ్చింది. అత్తమ్మ పుట్టిల్లు కొల్లాపూర్ వైపు. అక్కడ ఒక పెండ్లికి పోయి, రెండు బస్సులు మారి మరీ ఆ రాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది నన్ను. నేను ఫొటోలు తీసుకుంటుంటే ఆమె ఒక రాయికి ఆనుకుని నీడ వెంబడి చూపు పోనిచ్చింది. "మన రోకలి అసొంటిదే, జర పెద్దది" అంది. వాళ్లు గ్రంథాలేమీ చదవకుండానే ఇదంతా చేశారు కదా అన్నాను. "గందుకే గింత పెద్ద రాయి పాతిన్రు. మాటైతే మర్సిపోతరు" అంది.

గ్రహశకలాల అధ్యాయం రాయడానికి కారణం టీవీ. ఒక రోజు అన్నం తింటుంటే, భూమి వైపు దూసుకొస్తున్న భారీ రాయి అంటూ టీవీలో పిలగాడు అరుస్తున్నాడు. అత్తమ్మ కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగింది.

"వస్తాందా, పక్కకెల్లి పోతాందా?"

"పక్కనుంచే పోతాంది. చందమామ కంటే చానా దూరం."

"మరి గా పిలగాడు గంత మొత్తుకుంటాండేంది?"

ముద్ద నోట్లో పెట్టుకుంది. కానీ ఆమెకు సంగతి అక్కడితో అయిపోదు. ఇట్లాంటి రాళ్లను ఎవరన్నా కాపలా కాస్తున్నారా అని అడిగింది. దేశదేశాల్లో దుర్భిణులు పెట్టుకుని కాస్తున్నారని చెప్పాను. చిన్నప్పుడు జొన్నచేనులో మంచె మీద నిలబడి, ఒడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలిన మనిషి ఆమె. వెంటనే అంది, "పొద్దు దిక్కుకెల్లి వచ్చేటియి కనవడయి కద?"

నేను తినడం ఆపేశాను. అప్పటికి నేను నెల రోజులుగా చదువుతున్న విషయం అది. సూర్యుడి వైపు నుంచి వచ్చే రాళ్లు భూమి మీది దుర్భిణులకు చిక్కవు, అసలు భయమంతా వాటితోనే. నీకెట్ల తెలుసని అడిగాను. పొద్దుగూకేటప్పుడు పడమటి దిక్కు నుంచి పిట్టల గుంపు వస్తే కళ్లు చెదిరి ఏమీ కనబడేది కాదట, చేలో వాలాకే తెలిసేదట. ఒక చిన్న గ్రహశకలాన్ని యంత్రంతో గుద్ది దాని దారి కొంచెం మార్చారని చెప్తే తలూపింది. "ఎంత దూరంల ఉండంగ కొడితె గంత నయం. మీదికొచ్చినంక ఒడిసెల తిప్పితె ఏం ఫాయిదా" అంది. ఆ అధ్యాయానికి నేను పెట్టిన పేరు 'మంచె మీది కావలి'. చాలామంది పాఠకులు ఆ పేరు బాగుందని రాశారు. నాదేనన్నట్టు పొంగిపోయాను.

ఇక నీడ సంగతి.

పుస్తకం అచ్చుకు పోయింది. వేసవి సెలవులు ముగిసి, మృగశిర ప్రవేశించి, తొలకరి మబ్బులు పట్టిన రోజులు. చివరి ప్రూఫులు ముందేసుకుని పైకి చదువుతూ దిద్దుకుంటున్నాను. ఒకచోట ఇట్లా ఉంది: 'మన దేశంలో మిట్టమధ్యాహ్నం మన నీడ ఎప్పుడూ ఉత్తరం వైపే పడుతుంది.'

చింతపండు ఒలుస్తున్న అత్తమ్మ చేయి ఆగిపోయింది.

"మల్లోపాలి సదువు బిడ్డా."

చదివాను.

"ఎప్పుడూ అంటే, ఏడాది పొడుగూతనా?"

"అవును."

"చూసినవా, సదివినవా?"

"సదివిన. మూడు పుస్తకాలల్ల గట్లనే ఉంది."

"గా రాసినోళ్లది ఏ ఊరు?"

నాకు నవ్వొచ్చింది. ఢిల్లీ అనుకుంటా అన్నాను. ఆమె నవ్వలేదు. ఇంటి దక్షిణపు గోడ వైపు చేయి చూపింది. "మరి నా నీళ్ల కుండ ఎండాకాలం గా గోడ కింద ఎందుకు వెడుత? బైశాఖం నడుమ నుంచి ఆషాఢం పోయేదాక గా గోడకు ఎండనే తాకది. పొద్దంత నీడనే. నీడ దక్షిణం దిక్కు పడతది గప్పుడు."

మబ్బు పట్టి ఉంది కాబట్టి చూపించడానికి వీల్లేదు. నేను మాట దాటేశాను. పుస్తకాలు రాసినవాళ్లకు ఆ మాత్రం తెలియదా అని కూడా అన్నాను, కాస్త కటువుగానే. ఆమె మళ్లీ చింతపండు ఒలుచుకుంది.

ఆ సాయంత్రం ఒంటరిగా కూర్చుని కాగితం మీద గీసుకున్నాను. పట్టుమని ఐదు నిమిషాలు పట్టలేదు. సూర్యుడు కర్కటరేఖ దాకా వెళ్తాడు. మన జిల్లా ఆ రేఖకు దక్షిణాన ఉంది. అంటే ఏడాదిలో మూడు నెలలు సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు, నీడ దక్షిణానికే పడుతుంది. ఢిల్లీ ఆ రేఖకు పైన ఉంది, కాబట్టి ఢిల్లీలో ఆ వాక్యం నిజమే. కర్కటరేఖను ఏటా బోర్డు మీద గీస్తాను. మార్కులు కూడా వేస్తాను. ఆ గీతను ఒక్కసారి కూడా మా వాకిట్లోకి తెచ్చుకోలేదు.

చెడ్డ బుద్ధి ఏం చెప్పిందో కూడా రాస్తాను. ఎవరు పట్టించుకుంటారులే అంది. మూడు పుస్తకాల్లో ఉన్న తప్పే కదా అంది. మర్నాడు ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, దిద్దుబాట్లు అయినట్టేనా? ఎక్కిస్తున్నం మరి" అన్నాడు. ఒక్కరోజు ఆగమన్నాను. ఎందుకో చెప్పలేదు. అత్తమ్మకూ ఏమీ చెప్పలేదు. ఆమె మాటే నిజమని నోరు తెరిచి అనడానికి నాకు మూడు రోజులూ ప్రాణం ఒప్పలేదు. మా ఇంట్లో మూడు రోజుల పాటు నాకు మాత్రమే తెలిసిన నిజం అది అనుకున్నాను. నిజానికి నాకంటే ముందే తెలిసిన మనిషి పక్క గదిలోనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం కాసేపు మబ్బు విడిచింది. "ఓ టీచరమ్మా, ఉరుకు!" అని వాకిట్లోంచి కేక. వెళ్లేసరికి పన్నెండు కొట్టింది. "జర ఆగు, గడియారానికి తొందరెక్కువ" అంది. పదిహేను నిమిషాలు ఇద్దరం ఆ ఎండలో నిలబడ్డాం. రోకలి నీడ పొట్టిదై పొట్టిదై, గోడ వైపు కాకుండా గేటు వైపు, అంటే దక్షిణానికి, జానెడుకు రెండు వేళ్లు తక్కువగా పడింది. అత్తమ్మ దాని కొస దగ్గర ముగ్గుపిండి పెట్టింది.

"ఇగ చూసినవు" అంది. గెలిచినట్టు అనలేదు. నాకేదో వస్తువు అందించినట్టు అంది.

వాక్యం మార్చాను. నీడ మీద రెండు పేజీలు కొత్తగా రాశాను. ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారం దాటాక ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మన ప్రాంతంలో మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదని రాశాను. అత్తమ్మ దాన్ని నీడ ఇంట్లకు పోయే దినం అనేది, అది కూడా రాశాను. ముందుమాటలో మాత్రం ఇట్లా రాశాను: 'నీడ విషయంలో మిత్రులొకరు చేసిన సూచనకు కృతజ్ఞతలు.'

సంతకం రాని అత్త సైన్సు పుస్తకాన్ని సరిదిద్దిందంటే పుస్తకాన్ని ఎవరు నమ్ముతారని భయపడ్డాను. టీచరుకు ఆమాత్రం తెలియదా అంటారని ఇంకా ఎక్కువ భయపడ్డాను.

పుస్తకం ఇంటికి వచ్చిన రోజు ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది, వాసన చూసింది. "అండ్ల నా ముచ్చట రాసినవా?" అని అడిగింది.

"రాసిన అత్తమ్మా."

"యాడ?"

నేను ముందుమాట తెరిచి 'మిత్రులొకరు' అన్నచోట వేలు పెట్టాను. ఆమె నా వేలు తీసి అక్కడ తన వేలు పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత పేజీ పోకుండా దాని చెవి మడిచింది. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. అయినా నిజం చెప్పలేదు. ఆ తర్వాత సభల్లో, ఉత్తరాల్లో ఎందరో ఆ నీడ పేజీలనే మెచ్చుకున్నారు. ప్రతిసారీ రేపు చెప్దాం అనుకున్నాను. ఆ రేపు దవాఖాన దాకా సాగింది. అక్కడ ఆమెకు మాట పోయింది.

దినాలు అయిపోయిన మర్నాడు మా వదిన, అంటే అత్తమ్మ పెద్ద కూతురు, ఆలేరు వెళ్లడానికి సంచి సర్దుకుంటూ నా పుస్తకం తీసుకొచ్చి ఇచ్చింది. అది అమ్మ దిండు కింద ఉందట. ఆ పేజీ చెవి ఇంకా మడిచే ఉంది.

"పోయినేడు వచ్చినప్పుడు గీ పేజీ నాతోని సదివించింది" అంది వదిన.

"ఏమన్నది?" అని అడిగాను.

వదిన నా ముఖం చూడకుండా సంచి జిప్పు లాగుతూ చెప్పింది. "ఇంకోపాలి సదువుమన్నది. మల్ల, నీడ దక్షిణం దిక్కు పడతదని రాసిందా లేదా అని అడిగింది. రాసిందమ్మా అన్న. గది సాలు తీయ్ అన్నది."

"ఇంకేం అనలేదా?"

"అన్నది. చూసినదాన్ని ఎవలో చెప్తె విన్నట్టు రాసింది, పిచ్చి పిల్ల, అన్నది."

నేను వసారా మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. వదిన సంచి కింద పెట్టి నా పక్కన కూర్చుంది. అత్తమ్మ తెలిసీ ఏడాది పాటు నాతో అట్లాగే ఉంది. రోజూ టీ ఇచ్చింది, తర్వాతి పుస్తకానికి రాస్తున్న కొత్త అధ్యాయాలు విన్నది, చూసినవా సదివినవా అని అడుగుతూనే ఉంది. నాకు చెప్పే వీలు ఇస్తూనే ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. తర్వాత రెండో ముద్రణకు ముందుమాట మార్చి పంపాను. అందులో ఇట్లా ఉంటుంది: 'నీడ సంగతి మా అత్తమ్మ చెప్పింది. ఆమె పక్కన నిలబడి నేను చూశాను.' పక్కన ఎర్ర టిక్కు కూడా అచ్చు వేయమన్నాను. ప్రెస్సు ఆయన అదేమిటని అడిగాడు. పుస్తకంలో ఉంటుంది చదవండి అన్నాను.

వదిన బయల్దేరబోతున్న ఆ రోజు ఆగస్టు మొదటి వారం, ఎండ కాస్తోంది. పన్నెండు దాటింది. వదినను ఆగి తర్వాతి బస్సుకు వెళ్లమని, మూల నుంచి రోకలి తెచ్చి తాంబాలంలో నిలబెట్టాను. మూడోసారికి నిలబడింది. దక్షిణపు గోడ కింద అత్తమ్మ నీళ్ల కుండ ఇంకా అక్కడే ఉంది, ఎవరూ లోపల పెట్టలేదు. గడియారానికి తొందరెక్కువ అని వదినకు చెప్పాను. ఇద్దరం చెమటలు కక్కుతూ చూస్తున్నాం. నీడ కుంచించుకుని కుంచించుకుని ఇనుప పొన్ను కిందికి పోయింది. తాంబాలంలో రోకలి ఒక్కటే మిగిలింది.

"యాడికి పోయింది?" అంది వదిన, అచ్చం వాళ్లమ్మ గొంతుతో.

ఇంట్లకు పోయింది అన్నాను. ముగ్గుపిండి డబ్బా చేతిలో పట్టుకుని, తూర్పు వైపు నీడ మళ్లీ వెంట్రుకంత బయటికి వచ్చేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.